నాలుగు చక్రాలకూ ఒకటే అంగ

"ఒక టైరే కదన్నా పోయింది, అదొక్కటి మారిస్తే చాలదా?"

నంద్యాలలోనైనా ఆళ్లగడ్డలోనైనా టైర్ల షాపు ముందు కాసేపు నిలబడితే ఈ ప్రశ్న వినబడుతుంది. అడిగేవాళ్లను తప్పు పట్టడానికి లేదు. ఇక్కడి దారులు నాలుగు టైర్లనూ ఒకే తీరుగా అరగనివ్వవు. కర్నూలు నుంచి నంద్యాల, ఆళ్లగడ్డల మీదుగా కడప వైపు సాగే 40వ నంబరు జాతీయ రహదారి మీద హాయిగా వచ్చిన బండి, అహోబిలం దాటి నల్లమలలోకి తిరిగిందంటే రాళ్ల మీద, వాగుల్లో నడవాలి. బేతంచెర్ల, బనగానపల్లె వైపు నాపరాతి గనుల దారుల్లో పలకరాళ్ల అంచులు టైరు పక్కగోడను కోసేస్తాయి. పక్కగోడ తెగిన టైరుకు పంక్చరు వేసి లాభం లేదు. మిగతా మూడూ బాగానే ఉంటాయి. ఒక్కటి కొని సరిపెట్టుకుందామని ఎవరికైనా అనిపిస్తుంది.

మామూలు కారుకు ఈ ప్రశ్నకు జవాబు సులువు. ఇంజను ముందు రెండు చక్రాలనో వెనక రెండు చక్రాలనో మాత్రమే తిప్పుతుంది కాబట్టి, కొత్త టైరు అదే ఇరుసు మీదున్న రెండో టైరుకు జోడీగా ఉంటే చాలావరకు సరిపోతుంది. నాలుగు చక్రాలనూ ఇంజనే తిప్పే బండి సంగతి వేరు. థార్, జిమ్నీ, స్కార్పియో-ఎన్, ఫార్చూనర్‌లలో ఫోర్ బై ఫోర్ రకాలు, అహోబిలం నుంచి పావన నరసింహస్వామి సన్నిధి దాకా అడవి దారిలో యాత్రికులను మోసుకుపోయే జీపులు ఈ కోవలోవి. వీటిలో నాలుగు టైర్లూ కలిపి ఒకే యంత్రభాగం. ఆ మాట ఎందుకు అనాల్సి వస్తుందో అంచెలంచెలుగా చూద్దాం.

మలుపులో ఏ చక్రం ఎంత దూరం నడుస్తుంది?

బండి కుడివైపు మలుపు తిరుగుతోందనుకోండి. లోపలివైపు ఉన్న కుడి చక్రాలు చిన్న వలయంలో తిరుగుతాయి. బయటివైపు ఉన్న ఎడమ చక్రాలు పెద్ద వలయంలో తిరగాలి. రెండూ ఒకే సమయంలో మలుపు ముగించాలి కాబట్టి బయటి చక్రం ఎక్కువ చుట్లు తిరగక తప్పదు. రెండింటినీ ఒకే కడ్డీకి గట్టిగా బిగిస్తే ఏదో ఒకటి నేల మీద ఈడ్చుకుపోతుంది.

ఈ చిక్కుకు ఇరుసు మధ్యలో గేర్ల కూర్పు ఒకటి పెట్టి, ఇంజను శక్తిని రెండు చక్రాలకూ అందిస్తూనే వాటి వేగాల్లో తేడాను సర్దే ఉపాయం కనిపెట్టారు. 1827లో ఫ్రాన్సులో ఒనెసిఫోర్ పెక్యూర్ అనే గడియారాల పనివాడు ఆవిరి బండి కోసం దీనికి పేటెంట్ తీసుకున్నాడు. డిఫరెన్షియల్ అని పిలిచే ఈ కూర్పును మనం సర్దుబాటు గేరు అనుకుందాం. మన మెకానిక్కులు అది కూర్చున్న గుండ్రటి డబ్బాను బట్టి హౌసింగ్ అని కూడా అంటారు.

ఇంతవరకు చాలామందికి తెలిసిందే. అంతగా గమనించనిది ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్య తేడా. మలుపులో వెనక చక్రాలు ముందు చక్రాల జాడలో నడవవు, కాస్త లోపలికి కోసుకుని పోతాయి. జిమ్నీలో ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య దూరం 2.59 మీటర్లు. బాగా బిగుతైన మలుపులో వెనక ఇరుసు మధ్యభాగం 5 మీటర్ల వ్యాసార్ధంతో తిరిగితే, ముందు ఇరుసు మధ్యభాగం సుమారు 5.6 మీటర్ల వ్యాసార్ధంతో తిరుగుతుంది. అంటే వెనక చక్రాలు నూరు అడుగులు వేసే చోట ముందు చక్రాలు నూట పన్నెండు వేయాలి.

రెండు చక్రాలతో నడిచే కారులో దీనివల్ల ఏ ఇబ్బందీ లేదు. ముందూ వెనకా మధ్య ఇనుప బంధం లేదు కాబట్టి ఎవరి నడక వాళ్లది. ఫోర్ బై ఫోర్‌లో ఆ బంధం ఉంది. గేర్‌బాక్సు పక్కన ఉండే ట్రాన్స్‌ఫర్ కేసు, అంటే పంపిణీ పెట్టె, ఒక షాఫ్టును ముందుకూ ఇంకొకదాన్ని వెనక్కూ తిప్పుతుంది. జిమ్నీ, థార్ వంటి బళ్లలో లివరు 2హెచ్ మీద ఉన్నంతసేపూ వెనక చక్రాలకే శక్తి పోతుంది. 4హెచ్‌లోకి వేయగానే రెండు షాఫ్టులూ ఒకదానికొకటి తాళం పడి ఒకే వేగంతో తిరుగుతాయి. వాటి మధ్య సర్దుబాటు గేరు ఉండదు.

జోడెడ్లను కాడికి కట్టే రైతుకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. కాడి ఒకటే. ఒక ఎద్దు పొడుగు అంగ వేసేది, రెండోది కురచ అంగ వేసేది అయితే కాడి వంకరపోతుంది. ముందుపోయే ఎద్దు వెనకబడ్డదాన్ని లాగుతుంది, వెనకబడ్డది ముందుదానికి అడ్డుపడుతుంది. రెండూ బలమైనవే కావచ్చు, ఆ బలంలో కొంత ఒకదాన్నొకటి గుంజుకోవడానికే పోతుంది. అందుకే నంద్యాల చుట్టుపక్కల పల్లెల్లో ఎద్దులను కొనేవాళ్లు బలం ఒక్కటే చూడరు, ఎత్తు, వయసు, నడక కలిసిన జోడీ కోసం వెతుకుతారు. తిరునాళ్లలో బండలాగుడు పోటీలకు పళ్లను బట్టి విభాగాలు పెట్టడంలోనూ ఈ తెలివే ఉంది. ట్రాన్స్‌ఫర్ కేసు కాడి అయితే, చక్రం అంగ దాని చుట్టుకొలత.

తడిసిన నల్లరేగడిలో, ఇసుకలో, గులకరాళ్ల మీద 4హెచ్ వేస్తే ఈ గుంజులాట బండికి హాని చేయదు. నేలే వదులుగా ఉంటుంది కాబట్టి ఏదో ఒక చక్రం కాస్త జారి లెక్క సరిచేస్తుంది. ఎండిన తారు రోడ్డు మీద టైరు అంత తేలిగ్గా జారదు. అప్పుడు షాఫ్టులు, క్రాస్ జాయింట్లు, గేరు పళ్లు మెలిపడతాయి. స్టీరింగు బరువెక్కుతుంది, లివరు వెనక్కి రానని మొరాయిస్తుంది.

మలుపు ముగుస్తుంది, అరుగుదల తేడా ముగియదు

ఇప్పుడు టైర్ల దగ్గరికి వద్దాం. జిమ్నీ టైరు మీద 195/80 ఆర్ 15 అని ఉంటుంది. 195 టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 80 అంటే పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో నూటికి ఎనభై వంతులు, అంటే 156 మి.మీ. 15 రిమ్ము వ్యాసం, అంగుళాల్లో. పైన ఒక పక్కగోడ, కింద ఒక పక్కగోడ, మధ్యన రిమ్ము కలిపితే టైరు ఎత్తు 693 మి.మీ. వస్తుంది. చుట్టుకొలత సుమారు 2,177 మి.మీ. బరువు పడ్డాక టైరు కాస్త అణగి ఒక చుట్టుకు నడిచే దూరం కొంచెం తగ్గుతుంది, కానీ రెండు టైర్లను పోల్చడానికి ఈ లెక్క చాలు.

కొత్త టైరులో గాడి లోతు సుమారు 8 మి.మీ. ఉంటుంది. కారు టైరుకు మన నిబంధనలు ఒప్పుకునే కనీస లోతు 1.6 మి.మీ. దాదాపు ఆ హద్దు దాకా అరిగిన టైరు కొత్తదానికంటే చుట్టూ 6 మి.మీ. పలచబడి ఉంటుంది. వ్యాసంలో అది 12 మి.మీ., చుట్టుకొలతలో దాదాపు 38 మి.మీ. నూటికి రెండు కూడా కాని ఈ తేడా చాలా చిన్నదిగా కనిపిస్తుంది.

కిలోమీటరు దూరంలో ఏమవుతుందో చూడండి. కొత్త టైరు 459 చుట్లు తిరుగుతుంది, అరిగిన టైరు 467. కిలోమీటరుకు ఎనిమిది చుట్ల తేడా. నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు సుమారు 40 కిలోమీటర్లు. అక్కడికి చేరేసరికి తేడా మూడు వందల చుట్లు దాటుతుంది. చక్రం ఒక చుట్టు తిరగడానికి షాఫ్టు సుమారు నాలుగు చుట్లు తిరుగుతుంది కనుక, షాఫ్టు దగ్గర ఆ తేడా వెయ్యి చుట్లు మించిపోతుంది. ముందు రెండూ కొత్తవి, వెనక రెండూ అరిగినవి వేసుకుని, పొలంలో వేసిన 4హెచ్‌ను తీయడం మరిచి తారు రోడ్డెక్కిన బండి, ప్రతి కిలోమీటరుకూ 17 మీటర్ల మేర ఏదో ఒక ఇరుసు టైర్లను రోడ్డు మీద ఈడుస్తుంది. ఆ ఈడ్పుకు అయ్యే డీజిలో పెట్రోలో యజమానిదే.

మలుపులో వచ్చే తేడా నూటికి పన్నెండు అన్నాం కదా, దానిముందు ఈ రెండు వంతులూ ఒక లెక్కా అని అడగవచ్చు. మలుపు పది, పదిహేను మీటర్లలో అయిపోతుంది. ఆ తర్వాత తిన్నని దారిలో ఇనుము ఊపిరి పీల్చుకుంటుంది. టైర్ల తేడాకు ఆ విరామం లేదు. తిన్నని దారిలోనూ ప్రతి మీటరులోనూ, ఒకే దిక్కుకు, ఆపకుండా మెలిపెడుతూనే ఉంటుంది. నాలుగు చక్రాల బళ్లలో తిరిగే భాగాలను పాడుచేసేది ఈ ఎడతెగనితనమే.

ఈ గుంజులాట వేడిగా ఎలా మారుతుంది?

లివరుతో 4హెచ్ వేసుకునే బళ్లకు ఒక రక్షణ ఉంది. రోడ్డు మీద 2హెచ్‌లో నడిపితే ముందు వెనకల మధ్య తగవే ఉండదు. ఎప్పుడూ నాలుగు చక్రాలకూ శక్తి అందుతూ ఉండే బళ్లకూ, అవసరమైనప్పుడు తమంతట తామే వెనక చక్రాలను కలుపుకునే బళ్లకూ ఆ వెసులుబాటు తక్కువ. లివరు మన చేతిలో ఉండదు.

ఎప్పుడూ నాలుగు చక్రాలతో నడిచే బళ్లలో ముందు వెనకల మధ్యన కూడా ఒక సర్దుబాటు గేరు ఉంటుంది. తేడాను అది సర్దుతుంది. కానీ దాని లోపలి చిన్న గేర్లు మలుపుల్లో మాత్రమే తిరుగుతాయని లెక్కగట్టి చేసినవి. టైర్లు కలవకపోతే అవి తిన్నని హైవే మీద కూడా గంటల తరబడి తిరుగుతూనే ఉంటాయి. కొన్ని బళ్లలో మధ్యన చిక్కటి సిలికాన్ నూనెలో మునిగిన పలకల దొంతర ఉంటుంది. పలకల వేగాల్లో తేడా వస్తే నూనె రాపిడితో ఆ తేడాను అణిచిపెడుతుంది. దీన్ని విస్కస్ కప్లింగ్ అంటారు, జిగురు జోడు అనుకోవచ్చు. బురదలో కాసేపు పనిచేసి తర్వాత చల్లబడడం దాని తీరు. చిన్న తేడా రోజంతా కొనసాగితే నూనె ఆగకుండా వేడెక్కుతుంది, చివరికి పలకలు బిగుసుకుపోవడం దాకా పోవచ్చు. మరికొన్నింటిలో కంప్యూటరు నొక్కి వదిలే క్లచ్చు పలకలు ఉంటాయి. అక్కడ ఇంకో చిక్కు. ఒక చక్రం ఎప్పుడూ కాస్త వేగంగా తిరుగుతుంటే, అది జారుతోందని కంప్యూటరు పొరబడవచ్చు.

ఎండాకాలంలో 45 డిగ్రీలు తాకే నంద్యాల వంటి చోట ఈ వేడిని తేలిగ్గా తీసుకోకూడదు. నూనె చల్లబడేది చుట్టూ ఉన్న గాలితోనే. ఆ గాలే మండుతుంటే చల్లబడడం ఆలస్యమవుతుంది.

ఎంత తేడాను ఓర్చుకోవచ్చు? ఈ విషయంలో జపాన్ సంస్థ సుబారు చాలా పట్టుదలగా ఉంటుంది. నాలుగు టైర్ల చుట్టుకొలతల మధ్య తేడా పావు అంగుళం, అంటే 6.4 మి.మీ. దాటకూడదంటుంది. గాడి లోతులోకి మారిస్తే అది ఒకే ఒక్క మిల్లీమీటరు. గాడి లోతులో రెండు మూడు మిల్లీమీటర్ల తేడా దాకా ఒప్పుకునే సంస్థలూ ఉన్నాయి. మీ బండికి ఏ హద్దో దాని మాన్యువల్‌లో చూసుకోవాలి. అందులో లేకపోతే రెండు మిల్లీమీటర్ల లోపు ఉంచుకోమని నా సలహా.

కరెంటు బళ్ల సంగతి కాస్త వేరు. 2025లో వచ్చిన హారియర్ ఈవీలో నాలుగు చక్రాల రకానికి ముందొక మోటారు, వెనకొక మోటారు ఉన్నాయి. మధ్యన షాఫ్టు లేదు కాబట్టి ఇనుము మెలిపడే బాధ అక్కడ లేదు. చక్రాల వేగాన్ని చూసి బ్రేకులను, పట్టును అదుపు చేసే కంప్యూటరు మాత్రం అక్కడా ఉంది. టైర్లు కలవాలన్న నియమం దానికీ వర్తిస్తుంది.

పక్కగోడ మీద ఏం చదవాలి?

మొదట సైజు. ఒకే పేరుతో వచ్చే బళ్లలో కూడా సైజు మారవచ్చు. 2020 నాటి థార్ 245/75 ఆర్ 16 తోనూ వచ్చింది, 255/65 ఆర్ 18 తోనూ వచ్చింది. లెక్క కడితే మొదటిదాని ఎత్తు 774 మి.మీ., రెండోది 789. దాదాపు రెండు శాతం తేడా. పక్కింటి థార్ స్టెప్నీ కదా అని అరువు తెచ్చుకునేముందు ఈ అంకెలు చూడాలి.

సైజు ఒకటే అయినంత మాత్రాన టైర్లు కలిసినట్టు కాదు. పక్కగోడ మీద అదే సైజు రాసి ఉన్నా, రెండు కంపెనీల టైర్లను పక్కపక్కన నిలబెడితే ఎత్తులో కొన్ని మిల్లీమీటర్లు తేడా ఉండవచ్చు. ఒకే కంపెనీలో కూడా హైవే రకం గాడి కంటే అన్ని దారుల రకం గాడి లోతుగా ఉంటుంది. అందుకే సైజు, కంపెనీ, మోడలు, గాడి లోతు నాలుగూ కలవాలి.

సైజు తర్వాత ఉండే 96 ఎస్ వంటి గుర్తులో 96 అంటే టైరు మోయగల బరువు 710 కిలోలని, ఎస్ అంటే గంటకు 180 కిలోమీటర్ల వేగం దాకా తట్టుకుంటుందని అర్థం. పక్కగోడ మీద కోడిగుడ్డు ఆకారపు గీత లోపల నాలుగంకెలు ఉంటే అది పుట్టిన తేదీ. 2324 అంటే 2024లో 23వ వారం. షాపులో మూలన ఏళ్ల తరబడి పడున్న టైరు కొత్తగానే కనిపిస్తుంది, రబ్బరు మాత్రం గట్టిపడి ఉంటుంది.

పాత జీపుల యజమానులకు ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. నైలాన్ టైర్లనూ రేడియల్ టైర్లనూ ఎన్నడూ కలపకండి. రేడియల్ టైరులో గాడుల కింద సాగని ఉక్కు తీగల పట్టీ చుట్టుకుని ఉంటుంది. గాలి కాస్త తగ్గినా ఆ పట్టీ పొడవు మారదు కాబట్టి టైరు నడిచే అంగ పెద్దగా తగ్గదు. నైలాన్ టైరుకు ఆ పట్టీ లేదు. గాలి తగ్గితే అంగ కూడా తగ్గుతుంది. ఒకే బండికి రెండు రకాలూ వేస్తే అంగ కలవదు, మలుపులో పట్టు కూడా కలవదు.

ఏ రకం కొనాలన్న ప్రశ్న దీని వెంటే వస్తుంది. చూడ్డానికి గంభీరంగా ఉంటాయని పెద్ద పెద్ద గాడుల బురద టైర్లను రెండు కొని వెనక వేసుకునేవాళ్లున్నారు. అది మంచి ఎంపిక కాదు. కుందూ లోయ రేగడిలో వానాకాలం పొలాలకు రోజూ పోయేవాళ్లకు బురద టైర్లు పనికొస్తాయి, అప్పుడైనా నాలుగూ అవే ఉండాలి. ఎక్కువగా హైవే మీద తిరుగుతూ అప్పుడప్పుడు అహోబిలం దారో, పొలం దారో పట్టే బండికి అన్ని దారుల రకం నాలుగు చాలు. నా దృష్టిలో, కలవని రెండు ఖరీదైన టైర్ల కన్నా కలిసిన నాలుగు మామూలు టైర్లు మేలు.

సుద్దముక్కతో పరీక్ష

మీ టైర్లు కలిశాయో లేదో తెలుసుకోవడానికి యంత్రాలు అక్కర్లేదు. పొద్దున్నే, ఎండ తగలకముందు, డ్రైవరు తలుపు దగ్గర అతికించిన పట్టికలో ఉన్నట్టు గాలి పట్టండి. టైరు పది డిగ్రీలు వేడెక్కితే గాలి ఒత్తిడి ఒక పౌండుకు పైగానే పెరుగుతుంది కాబట్టి మధ్యాహ్నం కొలత నమ్మదగింది కాదు. తర్వాత తిన్నని సిమెంటు రోడ్డు మీద బండి ఆపి, నాలుగు టైర్లకూ నేలను తాకే చోట సుద్దతో గీత పెట్టండి. లివరుతో మార్చుకునే బండైతే 2హెచ్‌లో, మెల్లగా, స్టీరింగు తిప్పకుండా యాభై మీటర్లు పోనిచ్చి, ముందు ఎడమ టైరు గీత మళ్లీ నేలను తాకిన చోట ఆపండి. మిగతా మూడు గీతలు ఎక్కడున్నాయో చూడండి. జిమ్నీ వంటి బండికి యాభై మీటర్లలో సుమారు 23 చుట్లు. కొత్త టైరుకూ బాగా అరిగినదానికీ మధ్య గీతలు పావు చుట్టుకు మించి ఎడంగా నిలుస్తాయి. నాలుగూ ఇంచుమించు కిందనే ఉంటే మీ టైర్లు కలిసి నడుస్తున్నట్టే. పిల్లలను పక్కన పెట్టుకుని చేయండి. చుట్టుకొలత పాఠం వాళ్లకు ఇక మరుపు రాదు.

ఒక్కటే పోయినప్పుడు

మొదటి ప్రశ్నకు ఇప్పుడు జవాబు చెప్పుకోవచ్చు. మిగతా మూడు టైర్ల గాడులు కొత్తదానికంటే రెండు మిల్లీమీటర్ల లోపే అరిగి ఉంటే, మీ బండి హద్దు అంతకంటే బిగుతుగా లేకపోతే, అదే కంపెనీ, అదే మోడలు టైరు ఒక్కటి కొనండి, చాలు. సగం దాకా అరిగి ఉంటే ఒక్కటి కొనడం సరికాదు. అంతే అరిగిన అదే మోడలు సెకండ్ హ్యాండ్ టైరు, పక్కగోడలకు దెబ్బలు లేనిది దొరికితే అది కొత్తదానికన్నా నయం. మూడూ ముప్పాతిక వంతు అరిగి ఉంటే నాలుగూ మార్చాల్సిందే.

రెండు కొత్తవి, రెండు పాతవి ఉన్నప్పుడు కొందరు ప్రతి ఇరుసుకూ ఒక కొత్తది, ఒక పాతది వేస్తారు. లెక్క ప్రకారం ఇందులో కొంత నిజముంది. ఇరుసు మధ్యనున్న సర్దుబాటు గేరు రెండు చక్రాల సగటునే షాఫ్టుకు చూపిస్తుంది కాబట్టి ముందు వెనకల తగవు తగ్గుతుంది. కానీ తగవు రెండు ఇరుసుల లోపలికీ పోతుంది, తడి రోడ్డు మీద బ్రేకు వేస్తే బండి ఒక పక్కకు లాగవచ్చు. టైర్లు దొరికేదాకా రెండు రోజులు నడపడానికి తప్ప ఇది పనికిరాదు.

అడవిలో టైరు తెగి, కలవని స్టెప్నీ వేసుకోక తప్పకపోతే, 2హెచ్ ఉన్న బండిని తారు రోడ్డెక్కగానే అందులోకి మార్చండి. ఆ ఏర్పాటు లేని బండిని నెమ్మదిగా దగ్గరి ఊరి దాకా మాత్రమే నడపండి.

వీటన్నిటికన్నా ముందు చేయగలిగిన పని ఒకటుంది, దానికి పెద్ద ఖర్చు లేదు. స్టెప్నీ కూడా అదే సైజు, అదే రిమ్ము అయితే, ఎనిమిది పదివేల కిలోమీటర్లకొకసారి ఐదు టైర్లనూ స్థానాలు మార్పిస్తూ ఉండండి. ఒకే దిక్కుకు తిరగాలని బాణం గుర్తున్న టైర్లయితే వాటిని ఎడమ నుంచి కుడికి మార్చకూడదు. ఇలా చేస్తే ఐదూ సమంగా అరుగుతాయి, రాయి తగిలి ఒకటి తెగిన రోజు దానికి జోడైన టైరు మీ బండి వెనకే వేలాడుతూ ఉంటుంది. ఈసారి గాలి పట్టించేటప్పుడు ఐదు టైర్ల గాడుల లోతునూ కొలిపించి, ఆ అంకెలను బండి కాగితాలతో పాటు రాసి పెట్టుకోండి. టైర్ల షాపుకు ఆ కాగితం తీసుకుని వెళ్లండి.